ఆసుపత్రి సిబ్బంది భద్రత: పోస్టర్లు అంటించడం కాకుండా ఇంకేం చెయ్యాలి?

వార్డు_ఇంచార్జ్

వంద పడకల ఆసుపత్రికి సిబ్బంది ఆరోగ్య భద్రత ప్రణాళిక కొత్తగా రాయాలి. పోస్టర్లు, ఏడాదికోసారి క్లాసు, ఉద్యోగంలో చేరేటప్పుడు సంతకం చేయించుకునే కాగితం ఇప్పటికే ఉన్నాయి. అవి ఉన్నా సూదులు గుచ్చుకోవడం, నడుం నొప్పులు, స్కోపులు (ఎండోస్కోపీ గొట్టాలు) కడిగే గదిలో కళ్ల మంటలు తగ్గట్లేదు. మూడు విషయాలు అడుగుతున్నాను.

ఒకటి, దేనితో మొదలుపెట్టాలి? రెండు, సూది గుచ్చుకున్న మొదటి గంటలో ఏం చెయ్యాలో ఒక్క పేజీలో పట్టేలా చెప్పగలరా? మూడు, ఆయాలు, క్లీనింగ్ సిబ్బంది, లాండ్రీ వాళ్లు ఏ క్లాసుకీ రారు, వాళ్లకి ఎలా చేరవెయ్యాలి?

నీలిగ్లవ్

సిస్టర్, "జాగ్రత్తగా ఉండండి" అని చెప్పడంతో మాత్రం మొదలుపెట్టకండి. పన్నెండు గంటల డ్యూటీ చివర్లో ఎంత నేర్పున్న వాళ్లకైనా చెయ్యి తడబడుతుంది. అలా తడబడినా గాయం కాకుండా చుట్టూ ఉన్న ఏర్పాటు ఉండాలి. ప్రమాదకరమైన వస్తువును తీసేయగలిగితే తీసేయాలి (ఐవీ లైను ఉన్న పేషెంటుకి మళ్లీ సూది ఎందుకు? మాత్రతో సరిపోయే మందుకి ఇంజెక్షన్ ఎందుకు?). తీసేయలేకపోతే వస్తువు మార్చాలి, తర్వాత పని పద్ధతి మార్చాలి. గ్లవ్స్, మాస్కులు ఆ తర్వాతే వస్తాయి.

ముందు పాత గాయాల రిజిస్టరు తీసి ప్రతి గాయానికి ఒక్క ప్రశ్న వెయ్యండి: ఏ దశలో గుచ్చుకుంది? పొడుస్తున్నప్పుడా, బయటికి తీశాక సూదులు పారేసే డబ్బాలో వేసే లోపా, డబ్బాలో వేస్తుండగానా, ఆ తర్వాత చెత్త సంచిలోనో దుప్పట్లలోనో ఉండిపోయా? ఒక్కోదానికి పరిష్కారం వేరు. తీశాక, వేసే లోపు అయిన గాయాలు ఎక్కువుంటే డబ్బా దూరంగా ఉందని అర్థం. వేస్తుండగా అయితే డబ్బా నిండిపోయింది, లేదా ఎత్తు సరిగా లేదు. దుప్పట్లలో అయితే ప్రొసీజరు చేసినవాళ్లే తమ సూదులు లెక్కపెట్టుకుని తీసేయాలన్న నియమం అమల్లో లేదు.

డబ్బా విషయం చిన్నదిగా కనిపిస్తుంది గానీ సగం కథ అక్కడే ఉంది. సూది వాడే చోటు నుంచి అడుగు కదలకుండా చెయ్యి చాపితే అందాలి. గోడకి బిగిస్తే, నిలబడి పనిచేసే చోట నేల నుంచి డబ్బా నోటి దాకా 52 నుంచి 56 అంగుళాలు, కూర్చుని పనిచేసే చోట 38 నుంచి 42 అంగుళాలు. పొట్టిగా ఉన్నవాళ్లకి కూడా నోరు పైనుంచి కనపడాలి. కనపడని నోట్లోకి చెయ్యి పెట్టినప్పుడే పైకి పొడుచుకొచ్చిన సూది గుచ్చుకుంటుంది. నాలుగింట మూడు వంతులు నిండగానే మూసేసి మార్చాలి. మార్చే బాధ్యత "అందరిదీ" అంటే ఎవరూ మార్చరు, కాబట్టి షిఫ్టుకొకరి పేరు రాసి పెట్టండి.

రక్తం తీసే బటర్‌ఫ్లై సూదిని ప్రత్యేకంగా చూడండి. దాని ట్యూబు చుట్టలు చుట్టుకుని ఉంటుంది. సిరంజీ వైపు పట్టుకుని డబ్బాలోకి వదిలితే ట్యూబు స్ప్రింగులా విడిపోయి సూదిని తిరిగి చేతి మీదికే విసురుతుంది. రెక్కల దగ్గర పట్టుకుని సూదినే ముందు లోపలికి దించాలి, ట్యూబు దాని వెనకే జారుతుంది. కొనేటప్పుడే, సూది నరంలో ఉండగానే లోపలికి ముడుచుకునే రకం కొంటే ఈ గొడవే ఉండదు.

ల్యాబ్_బెంచ్

వాడిన సూదికి మూత తిరిగి పెట్టడం గురించి కూడా రాయండి. మానమని ఎంత చెప్పినా పెడుతూనే ఉంటారు.

నీలిగ్లవ్

పెడుతున్నారంటే దానికో కారణం ఉంటుంది, చాలాసార్లు పక్కన డబ్బా లేకపోవడమే. ట్రేలోనే చిన్న డబ్బా పెట్టి పంపండి, ఆ అలవాటు దానంతటదే తగ్గుతుంది. తప్పనిసరై పెట్టాల్సి వస్తే ఒంటి చేత్తోనే: మూతను బల్ల మీద పెట్టి, రెండో చెయ్యి పూర్తిగా వెనక్కి తీసేసి, సూదితో మూతను ఎత్తి, బల్లకి ఆనించి నొక్కాలి. సిరంజీ నుంచి సూదిని వేళ్లతో విడదీయకూడదు, వంచకూడదు.

ఓటీ_సిస్టర్

ఆపరేషన్ థియేటర్ లెక్క వేరు. అక్కడ పదునైన వస్తువు చేతుల మధ్య తిరుగుతూనే ఉంటుంది. మధ్యలో ఒక ట్రేనో, రంగు గుడ్డ పరిచిన చోటో "మధ్య స్థలం" అని పెట్టుకోండి. కత్తి, సూది అక్కడ పెట్టాలి, అవతలివాళ్లు అక్కడి నుంచి తీసుకోవాలి. ఒకేసారి ఇద్దరి చేతులూ దాని మీద ఉండకూడదు. పెట్టేటప్పుడు "కత్తి", "సూది" అని పైకి అనాలి. కేసు మొదలవకముందే సర్జన్ గారితో ఒప్పందం కుదరాలి, మధ్యలో మొదలుపెడితే ఎవరూ పాటించరు.

ఫేషియా (కండరాల మీది గట్టి పొర), కండరం కుట్టడానికి మొన మొద్దుగా ఉండే సూదులు దొరుకుతాయి, చాలా కేసుల్లో సరిపోతాయి. రెండు జతల గ్లవ్స్ వేసుకోవాలి, లోపలిది ముదురు రంగుది. పైది చిల్లుపడి తడి లోపలికి దిగితే ఆ చోట రంగు మచ్చలా కనపడుతుంది. వేళ్లు బిగుసుకుపోతున్నాయని మానేసేవాళ్లు లోపల అర సైజు పెద్దది వేసి చూడండి. బ్లేడు తీసేది చేత్తో కాదు, బ్లేడు రిమూవర్‌తోనో ఆర్టరీ ఫోర్సెప్స్‌తోనో.

రాత్రి_డ్యూటీ_డాక్టర్

రెండో ప్రశ్నకి జవాబు. ప్రింటు తీసి ప్రతి నర్సింగ్ స్టేషన్‌లో పెట్టుకునేలా రాస్తున్నాను.

గుచ్చుకున్న వెంటనే చేతిలో పని పక్కవాళ్లకి అప్పగించి, గ్లవ్ తీసి, పారే నీళ్ల కింద సబ్బుతో కడగాలి. పిండకూడదు, నోట్లో పెట్టుకోకూడదు, బ్లీచింగ్, స్పిరిట్ లాంటివి పొయ్యకూడదు. కంట్లో పడితే శుభ్రమైన నీళ్లతో గానీ సెలైన్‌తో గానీ పది పదిహేను నిమిషాలు కడగాలి. లెన్సులుంటే కడుగుతూనే తీసేయాలి.

తర్వాత డ్యూటీలో ఉన్న బాధ్యుడికి ఫోను. ఆ నంబరు 24 గంటలూ పలకాలి. "రేపు ఓపీలో చూపించుకో" అనే మాట రాకూడదు. ఎవరి రక్తమో తెలిస్తే, వాళ్ల అనుమతితో హెచ్ఐవీ, హెపటైటిస్ బి, సి పరీక్షలకి పంపాలి. గాయపడ్డవాళ్ల రక్తం కూడా అదే రోజు తీసి ఉంచాలి. ఎవరిదో తెలియని సూది దొరికితే ఆ సూదిని పరీక్షకి పంపడం వల్ల ఉపయోగం లేదు, ఆ వార్డులో ఎలాంటి కేసులున్నాయో చూసి నిర్ణయించాలి.

హెచ్ఐవీ నివారణ మందులు గంటల్లోనే మొదలుపెట్టాలి, 72 గంటలు దాటితే మొదలుపెట్టరు. అవసరం ఉందనిపిస్తే రిపోర్టు కోసం ఆగకుండా మొదటి డోసు వేసెయ్యండి. సూదిలోని రక్తం ఎవరిదో వాళ్లు నెగెటివ్ అని తేలితే ఆపేయవచ్చు. ఇప్పుడు ఎక్కువగా ఇచ్చేది టెనోఫోవిర్ 300, లామివుడిన్ 300, డోలుటెగ్రావిర్ 50 మిల్లీగ్రాములు, రోజుకోసారి, 28 రోజులు. ఇక్కడ జారిపోయే విషయాలు రెండున్నాయి. ఐరన్, కాల్షియం మాత్రలు, యాంటాసిడ్లు డోలుటెగ్రావిర్‌ను ఒంటికి పట్టనివ్వవు, అందుకే దాన్ని వాటికి రెండు గంటల ముందో ఆరు గంటల తర్వాతో వేసుకోవాలి. ఇక అప్పటికే హెపటైటిస్ బి ఉన్న సిబ్బందికి ఈ మందులు ఆపగానే లివర్ వాపు ఎగదన్నవచ్చు, అంచేత ముందే హెచ్‌బీఎస్ యాంటిజెన్ (ఒంట్లో బి వైరస్ ఉందో లేదో చెప్పే పరీక్ష) చూడాలి. కిడ్నీ కోసం క్రియాటినిన్ కూడా.

హెపటైటిస్ బి పాజిటివ్ రక్తం, టీకా వేయించుకోని మనిషి అయితే టీకాతో పాటు ఇమ్యూనోగ్లోబ్యులిన్ (సిద్ధంగా ఉన్న యాంటీబాడీల ఇంజెక్షన్) ఒంటి బరువు కిలోకి 0.06 మిల్లీలీటర్లు, వీలైతే 24 గంటల్లోపు. హెపటైటిస్ సి కి ముందస్తు మందు లేదు. మూడు నుంచి ఆరు వారాల మధ్య ఆర్‌ఎన్‌ఏ పరీక్ష, నాలుగు నుంచి ఆరు నెలల మధ్య యాంటీబాడీ పరీక్ష చెయ్యాలి. ఒకవేళ సోకినా ఇప్పుడు నయం చేసే మాత్రలున్నాయి.

భయం ఎంత పడాలో తెలియడానికి: పాజిటివ్ రక్తమున్న సూది గుచ్చుకుంటే హెచ్ఐవీ వచ్చే అవకాశం సుమారు 0.3 శాతం. హెపటైటిస్ సి రెండు శాతం లోపు. టీకా లేనివాళ్లకి హెపటైటిస్ బి మాత్రం 6 నుంచి 30 శాతం. జనం హెచ్ఐవీకి వణికిపోతారు, టీకాతో ఆగిపోయే బి ని పట్టించుకోరు.

ల్యాబ్_బెంచ్

డాక్టర్ గారూ, పిండితే రక్తంతో పాటు వైరస్ కూడా బయటికి పోతుందని చాలా చోట్ల నేర్పుతారు. ఎందుకు వద్దంటున్నారు?

రాత్రి_డ్యూటీ_డాక్టర్

పిండడం వల్ల ముప్పు తగ్గుతుందని ఎక్కడా రుజువు కాలేదు. నొక్కిన కొద్దీ ఆ చోట కణజాలం నలిగి వాపెక్కుతుంది. బ్లీచింగ్ పోస్తే చర్మం కాలి గాయం ఇంకా తెరుచుకుంటుంది. దానంతటది కారే రక్తాన్ని కారనివ్వండి, కడగండి, అంతే.

క్వాలిటీ_డెస్క్

నాదొక సూచన. రెండోసారి గుచ్చుకున్నవాళ్లకి మెమో ఇస్తే జాగ్రత్త పెరుగుతుంది. భద్రత అంటే క్రమశిక్షణ కూడా కదా.

నీలిగ్లవ్

మెమో ఇస్తే గాయాలు తగ్గవండీ, చెప్పడం తగ్గుతుంది. కాగితం మీద సున్నా కనిపిస్తుంది, అవతల ఒక మనిషి 72 గంటల గడువు దాటిపోయేదాకా నోరు మెదపకుండా కూర్చుంటుంది. ప్రణాళిక మొదలైన మొదటి కొన్ని నెలల్లో గాయాల సంఖ్య పెరగాలి. అది చెడు కబురు కాదు, దాచినవి బయటికొస్తున్నాయి. మేనేజ్‌మెంటుకి ఈ మాట ముందే చెప్పి ఉంచకపోతే ఆ అంకె చూసి కార్యక్రమాన్నే ఆపేస్తారు.

క్రమశిక్షణ కావాలంటే పై నుంచి మొదలుపెట్టండి: డబ్బాలు సమయానికి రాకపోతే స్టోర్స్‌ని అడగండి, ఫోను ఎత్తకపోతే ఆ నంబరు ఎవరి చేతిలో ఉందో వాళ్లని అడగండి.

వెన్నుబలం

ఫిజియోథెరపీ వైపు నుంచి. "మోకాళ్లు వంచి, నడుం నిటారుగా పెట్టి ఎత్తండి" అన్న పాఠం పెట్టెలకి సరే, మనుషులకి సరిపోదు. పేషెంటుకి పట్టుకోవడానికి పిడి ఉండదు, బరువు ఒక పక్కకి ఒరుగుతుంది, ఉన్నట్టుండి కాలు ముడుస్తాడు, మంచం అడ్డం ఉండడంతో మనం వంగే ఎత్తాలి. చేతులతో పేషెంటును ఎత్తే పనిలో ఒక్కరి మీద పడే బరువు సుమారు 16 కిలోలు దాటకూడదని అమెరికా వృత్తి భద్రత సంస్థ నియోష్ లెక్క. అన్నీ అనుకూలంగా ఉన్నప్పటి మాట అది. మనిషి ఒక్క కాలే ఒంటి బరువులో ఆరో వంతు దాకా ఉంటుంది. 70 కిలోల మనిషి కాలు డ్రెస్సింగ్ కోసం పట్టుకుని నిలబడితే 11 కిలోలు చాచిన చేతుల మీద మోస్తున్నట్టే.

అందుకే ఎత్తడం మానేసి జరపడం నేర్పండి. మంచంలో కిందికి జారిన పేషెంటును పైకి జరిపే పద్ధతి చెబుతాను, రోజుకి అన్నిటికన్నా ఎక్కువసార్లు చేసే పని ఇదే. బ్రేకులు వేసి, మంచాన్ని చేసేవాళ్ల నడుం ఎత్తుకి లేపాలి. ఇద్దరి ఎత్తుల్లో తేడా ఉంటే పొట్టివాళ్లకి సరిపోయేలా పెట్టాలి. తల వైపు పూర్తిగా దించాలి, ఆయాసం లేని పేషెంటైతే తల కొంచెం కిందికి వాల్చితే ఇంకా తేలిక. పక్కకి తిప్పి స్లయిడ్ షీటును (తేలిగ్గా జారే నున్నటి గుడ్డ) రెండు మడతలుగా భుజాల నుంచి పిరుదుల కింద దాకా పరవాలి. పేషెంటు మోకాళ్లు మడిచి, గడ్డం ఛాతీకి ఆనించి, పాదాలతో నెట్టమని చెప్పాలి. ఇద్దరూ షీటును ఒంటికి దగ్గరగా పట్టుకుని, ఒక కాలు ముందు, ఒక కాలు వెనక పెట్టి, బరువును వెనక కాలి నుంచి ముందు కాలి మీదికి మార్చాలి. జరిపేది ఆ ఒంటి బరువే, చేతులు లాగక్కర్లేదు. ఒక్క ఊపున చివరిదాకా కాదు, రెండు మూడు చిన్న జరుపులుగా.

అయ్యాక షీటు తప్పకుండా తీసేయాలి. మరచిపోతే పేషెంటు దాని మీదే జారి కింద పడతాడు.

నడుస్తూ కూలబడే పేషెంటును ఆపబోయి నడుం విరగ్గొట్టుకునేవాళ్లు ఎక్కువ. పట్టుకుని నిలబెట్టాలని చూడొద్దు. వెనక నుంచి దగ్గరగా నిలబడి, మన కాలి మీదుగా మెల్లగా నేలకి దించి, తలకి దెబ్బ తగలకుండా చూడాలి. నేల మీద నుంచి లేపేది పేషెంటును ఎత్తే లిఫ్టు యంత్రంతోనే.

ఇక లిఫ్టు యంత్రం కొని స్టోర్ రూములో తాళం వేసి పెట్టే ఆసుపత్రులకి ఒక మాట. తెచ్చుకోవడానికి నిమిషం కన్నా ఎక్కువ పడితే ఎవరూ తేరు. వార్డులోనే ఉండాలి, చార్జింగులో ఉండాలి, ఉతకడానికి పోయినవి పోగా వాడడానికి స్లింగులు (యంత్రానికి తగిలించి పేషెంటును మోసే గుడ్డలు) మిగలాలి. ప్రతిసారీ స్లింగు లేబుల్ మీద బరువు పరిమితి, పట్టీల కుట్లు చూడాలి. లేబుల్ చెరిగిపోయి చదవరాకపోతే ఆ స్లింగు వాడకూడదు.

సీఎస్ఎస్‌డీ_గది

కళ్ల మంటల గురించి. స్కోపులు నానబెట్టే 2 శాతం గ్లుటరాల్డిహైడ్ ఆవిరి కళ్లనీ ముక్కునీ మండించడంతో ఆగదు, ఉబ్బసం తెప్పిస్తుంది. ఒకసారి పడకుండా పోతే అతి తక్కువ మోతాదుకే ఆయాసం మొదలవుతుంది, ఇక ఆ మనిషి ఆ గదిలో పనిచెయ్యలేరు. గాలిలో 0.05 పీపీఎం (పది లక్షల వంతుల్లో 0.05 వంతు) ఏ క్షణంలోనూ దాటకూడదని పరిమితి. సర్జికల్ మాస్కు, ఎన్95 రెండూ ఆవిరిని ఆపలేవు. కావలసింది తొట్టికి బిగుతైన మూత, తొట్టి అంచు దగ్గరే ఆవిరిని లాగేసే ఎగ్జాస్టు. సీలింగుకి పెట్టిన ఎగ్జాస్టు ఫ్యాను ఆవిరిని ముఖం మీదుగా పైకి లాగుతుంది, దానివల్ల నష్టమే. లేటెక్స్ గ్లవ్స్ పనికిరావు, నైట్రైల్ గానీ బ్యూటైల్ గానీ మోచేతి దాకా వచ్చేవి వాడాలి. వీలైతే మూసి ఉండే యంత్రానికి మారిపోండి.

బ్లీచింగ్ ద్రావణం: 5 శాతం సీసా నుంచి 0.5 శాతం కావాలంటే ఒక వంతుకి తొమ్మిది వంతుల నీళ్లు, 0.1 శాతానికి ఒక వంతుకి 49 వంతులు. చల్లటి నీళ్లే వాడాలి, ఏ రోజుది ఆ రోజే కలపాలి. టాయిలెట్లు కడిగే యాసిడ్‌తో కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుంది. మూత్రం ఒలికిన చోట నేరుగా పోసినా విషవాయువులు రావచ్చు, ముందు పీల్చే కాగితంతో తుడిచేసి ఆ తర్వాతే వాడాలి. స్ప్రే చెయ్యొద్దు, గుడ్డతో తుడవండి.

రసాయనాలు వాడే ప్రతిచోటుకీ పది సెకన్ల నడకలో కళ్లు కడిగే కుళాయి ఉండాలి. కడగాల్సింది పూర్తిగా 15 నిమిషాలు. వారానికోసారి తిప్పి నీళ్లు వదలండి, లేకపోతే అవసరమైన రోజు తుప్పు నీళ్లొస్తాయి.

కీమో_ఫార్మసీ

క్యాన్సర్ మందులు ఎక్కించే వార్డులుంటే ఇది కలపండి. లైనును ఫార్మసీలోనే మందు లేని సెలైన్‌తో నింపి పంపాలి, మంచం దగ్గర మందుతో నింపితే చివరి చుక్క గాల్లోకో చేతి మీదికో పోతుంది. సంచికి స్పైకు (లైను చివరి మొన) గుచ్చేది స్టాండుకి వేలాడదీసి కాదు, నడుం ఎత్తులో బల్ల మీద. అయ్యాక స్పైకు పీకకుండా సంచి, లైను కలిపే పారెయ్యాలి. కీమో కోసం పరీక్షించిన గ్లవ్స్ రెండు జతలు, అరగంటకోసారి మార్పు. వెనక కట్టే గౌను. మందు ఇచ్చాక కనీసం 48 గంటలు పేషెంటు మూత్రం, వాంతి, మలం కూడా మందు కిందే లెక్క. ఆయాలకి ఈ మాట ఎవరూ చెప్పరు, బెడ్‌పాన్ మోసేది మాత్రం వాళ్లే.

గర్భిణులు, గర్భం కోసం చూస్తున్నవాళ్లు, పాలిచ్చే తల్లులు అడిగితే కారణాలు గుచ్చి గుచ్చి అడగకుండా వేరే పని ఇవ్వాలి.

శ్వాస_క్లినిక్

టీబీ లాంటి గాలి ద్వారా వచ్చే వ్యాధులకి ఎన్95 ఇచ్చేస్తే పని అయిపోయిందనుకుంటారు. ముఖానికి సరిపోని ఎన్95 పక్కల నుంచి గాలి పీల్చుకుంటుంది, వడపోత ఎంత గొప్పదైనా వృథా. రెండు మూడు కంపెనీలవి, రెండు సైజులు తెచ్చి ప్రతి ఒక్కరికీ ఏడాదికోసారి ఫిట్ టెస్టు చెయ్యాలి. తలకి హుడ్ వేసి లోపలికి శాకరిన్ గానీ చేదు ద్రావణం గానీ చిమ్ముతారు. ముందు మాస్కు లేకుండా రుచి తెలుస్తోందో లేదో చూడాలి, తర్వాత మాస్కుతో మామూలు శ్వాస, లోతైన శ్వాస, తల పక్కలకి, పైకీ కిందికీ, మాట్లాడడం, వంగడం, మళ్లీ మామూలు శ్వాస, ఒక్కోటి నిమిషం. రుచి తెలిసిందా, ఆ మాస్కు ఆ ముఖానిది కాదు. గడ్డం ఉంటే ఏదీ అతకదు.

ముక్కు దగ్గరి రేకును ఒంటి చేత్తో గిల్లొద్దు, మధ్యలో కొండలా లేచి రెండు పక్కలా సందులు పడతాయి. రెండు చేతుల వేళ్లతో మధ్య నుంచి పక్కలకి నొక్కుతూ పోవాలి.

గది గాలి కూడా చూడండి. గంటకి 12 సార్లు గాలి మారే గదిలో 99 శాతం కణాలు పోవడానికి 23 నిమిషాలు, 6 సార్లైతే 46 నిమిషాలు, 2 సార్లే అయితే రెండు గంటలు దాటుతుంది. పేషెంటు వెళ్లగానే క్లీనింగ్ మనిషిని లోపలికి పంపేవాళ్లు ఈ లెక్క తలుపు మీద రాసి పెట్టుకోవాలి.

రాత్రి_డ్యూటీ_డాక్టర్

రెండు చిన్న చేర్పులు. దాడుల విషయంలో: కన్సల్టేషన్ గదిలో డాక్టరు కుర్చీ తలుపు వైపు ఉండాలి, పేషెంటు తరఫు వాళ్లు మనకీ తలుపుకీ మధ్య ఉండకూడదు. కోపంగా ఉన్న మనిషికి రెండు చేతుల దూరంలో, కాస్త పక్కకి తిరిగి నిలబడాలి. మెడలో స్టెతస్కోపు, గట్టి తాడున్న ఐడీ కార్డు వద్దు. ఎంతసేపు పడుతుందో, ఎందుకు ఆలస్యమో ప్రతి అరగంటకీ ఒక మనిషి వచ్చి చెబితే చాలా గొడవలు మొదట్లోనే ఆగిపోతాయి.

షిఫ్టులు: ఉదయం, సాయంత్రం, రాత్రి, ఈ వరుసలోనే తిప్పాలి, వెనక్కి తిప్పకూడదు. రెండు షిఫ్టుల మధ్య 11 గంటలకి తగ్గకూడదు. వరసగా 17 గంటలు మేలుకుంటే చురుకుదనం రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్నప్పటి స్థాయికి పడిపోతుంది. రాత్రి డ్యూటీలో 20 నిమిషాల కునుకు తీయడాన్ని తప్పుగా చూడకండి, దానికి చోటు చూపించండి.

వార్డు_ఇంచార్జ్

చాలా ఉపయోగపడింది, అందరికీ ధన్యవాదాలు. రెండు సందేహాలు మిగిలాయి. క్లీనింగ్, లాండ్రీ వాళ్లు కాంట్రాక్టు మీద ఉన్నారు, వాళ్ల హెపటైటిస్ బి టీకా ఎవరి బాధ్యత అన్న పేచీ ఉంది. ఇంకోటి, మొదటి డోసు వేయించుకుని ఆపేసినవాళ్లు, ఎప్పుడో వేయించుకున్నామనేవాళ్లు కలిసి ఉన్నారు. వాళ్లందరికీ మళ్లీ మొదటి నుంచి వెయ్యాలా?

నీలిగ్లవ్

పేచీ తేలేదాకా టీకా ఆపొద్దు. అదే చెత్త, అవే సూదులు, అవే టీకాలు, అదే ఫోను నంబరు, అదే రిజిస్టరు. ఖర్చు సంగతి కాంట్రాక్టు కాగితంలో తర్వాత రాసుకోవచ్చు. వాళ్లకి క్లాసు అక్కర్లేదు, డ్యూటీ మారే వేళ పని చోటే పది నిమిషాలు చేసి చూపించండి: సంచిని మెడ దగ్గరే పట్టుకోవాలి, అడుగున చెయ్యి పెట్టకూడదు, కాలికి ఆనించి మొయ్యకూడదు, నిండిందని కాలితోనో చేత్తోనో అదమకూడదు. మందపాటి గ్లవ్స్, వేళ్లు కప్పే బూట్లు. సంచిలో సూది కనిపిస్తే తీయబోకుండా పిలవాలి. అలా పిలిచి చెప్పిన మనిషిని మెచ్చుకోండి.

రాత్రి_డ్యూటీ_డాక్టర్

టీకా సంగతి. డోసులు 0, 1, 6 నెలలకి. మధ్యలో ఆపేసినవాళ్లకి మళ్లీ మొదలుపెట్టక్కర్లేదు, ఆగిన చోటు నుంచే కొనసాగించండి. చివరి డోసు తర్వాత ఒకటి రెండు నెలలకి యాంటీ హెచ్‌బీఎస్ పరీక్ష (టీకా వల్ల రక్షణ ఎంత వచ్చిందో చూసేది) చెయ్యాలి. మిల్లీలీటరుకి 10 మిల్లీ యూనిట్లు గానీ పైన గానీ ఉంటే రక్షణ వచ్చినట్టే, కార్డు మీద రాసి ఇచ్చెయ్యండి.

ఎప్పుడో మూడు డోసులూ వేయించుకున్నట్టు కాగితం ఉండి, పరీక్ష మాత్రం చేయించుకోని వాళ్లకి ఇప్పుడు చెయ్యండి. 10 కన్నా తక్కువ వస్తే ఒక డోసు వేసి, ఒకటి రెండు నెలలకి మళ్లీ చూడండి. పెరిగితే చాలు. పెరగకపోతే మిగతా రెండు డోసులూ పూర్తి చేసి ఇంకోసారి చూడాలి. అప్పటికీ రాకపోతే వాళ్లకి హెచ్‌బీఎస్ యాంటిజెన్ పరీక్ష చేసి, అది నెగెటివ్ అయితే "టీకా పని చెయ్యలేదు, గుచ్చుకుంటే ఇమ్యూనోగ్లోబ్యులిన్ రెండుసార్లు, నెల తేడాతో" అని వాళ్ల ఫైలు పైనే రాసి పెట్టండి. గాయమైన రాత్రి డ్యూటీలో ఎవరున్నా అది చదివి సరిపోవాలి. ఏ కాగితమూ లేదు, వేయించుకున్నట్టు గుర్తు మాత్రమే ఉందంటే, వేయించుకోనట్టే లెక్కేసి మూడూ వెయ్యండి. అదనంగా పడిన డోసు వల్ల హాని లేదు.